ఎదురుగా కూర్చున్న ఖాలా

నేను మా పాప స్వెటర్ ఉతుకుతుంటే తడి ఊలు వాసనకు చిన్నప్పటి మణుగూరు వాన గుర్తొచ్చింది. అప్పుడే తమ్ముడు పుట్టి అమ్మ దవాఖానాలో ఉంది. వాడికి టోపీ నేనే అల్లుతానని పిన్నిలా చూసుకునే పక్కింటి ఖాలా ముందు కూర్చున్నాను.

"నా చేతులు చూడు, గట్లనే చెయ్యి."

ఆమె సూది ఎటు కదిలితే నాదీ అటే కదిలించాను.

"ఏందే, ఉల్టా అల్లుతున్నవ్?"

"నువ్వు చేసినట్టే చేసిన ఖాలా!"

ఊలంతా లాగేసి మళ్లీ మొదలుపెట్టించింది. మళ్లీ అంతే. తప్పెక్కడుందో ఇద్దరికీ అంతుపట్టలేదు. తమ్ముడు ఇంటికొచ్చేసరికి ఆ ఉల్టా టోపీయే వాడి తలకెక్కింది.

ఎదురుగా ఉన్న ఆమె కుడిచెయ్యి నాకు ఎడమవైపని చాలా ఏళ్లకు తట్టింది. ఇప్పటికీ తినేది, రాసేది కుడిచేత్తోనే. సూదులు పడితే మాత్రం ఎడమచేత్తోనే అల్లుతాను; నా చేతులకు ఖాలా ఇంకా ఎదురుగానే కూర్చుని ఉంటుంది.