నేను లెక్కపెట్టింది సొరబుర్రలను

నిన్న నాచారంలో మనవరాలిని ఈత క్లాసుకు తీసుకెళ్లాను. కోచ్ పిల్లల వీపులకు ఫోమ్ ముక్కలు కడుతుంటే అక్కడ నిలబడలేకపోయాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మనకైతే ఎండిన సొరబుర్రలు కట్టి బావిలో దింపేవాళ్లు. తడిసిన తాడు చంకల కింద ఒరుసుకుని మండేది. ఉప్పల్‌లో మా చిన్నాన్న పొలం బావిలో ఐదుగురు పిల్లలు ఈత నేర్చుకునేవారు. పెద్దదాన్ని కాబట్టి వాళ్లకు తాళ్లు కట్టడం, గట్టు మీద కూర్చుని లెక్కచూడడం నా పని.

ఆ రోజు చింతకాయ ఉప్పులో అద్దుకుని తింటున్నాను.

"అందరున్నరా బిడ్డా?" అని చిన్నాన్న పొలంలోంచి అరిచాడు.

నీళ్ల మీద ఐదు సొరబుర్రలు తేలుతున్నాయి. "ఐదుగురున్నరు" అన్నాను. ఒకదాని కింద మా చెల్లెలు లేదు.

పిల్లల కేకలకు చిన్నాన్న పరుగున వచ్చి దూకి, జుట్టు పట్టుకుని పైకి తెచ్చాడు. అది నీళ్లు కక్కి ఏడ్చింది.

"తాడెవరు కట్టిన్రే?"

"నేను గట్టిగనే కట్టిన. అదే ఇప్పుకున్నది."

వదులుగా కట్టింది నేనే. దెబ్బలు మాత్రం ఆరేళ్ల చెల్లెలికి పడ్డాయి.

ఇప్పుడది చిల్కానగర్‌లో ఉంటుంది. క్లాసు సంగతి ఫోన్లో చెబితే, "పిల్లను జర జూస్కో అక్కా, నా లెక్క మొండిదైతే తాడు ఇప్పుకుంటది" అని నవ్వింది. చిన్న అబద్ధానికి పొద్దున్నే మనవరాలితో గోడకుర్చీ వేయించిన నేను, దానితో కలిసి నవ్వాను.

చెల్లెలికి ఫేస్‌బుక్ లేదు. అందుకే ఇది ఇక్కడ రాయగలిగాను.