సిద్దమ్మ తెచ్చిన తొలికాపు

ఎండాకాలంలో కృష్ణగిరి బస్టాండులో దిగితే చాలు, మగ్గిన మామిడి వాసన చీరకు పట్టుకుని ఇంటిదాకా వస్తుంది. ధర అడుగుతాను, కొనను. ఆ వాసనకు మా నాయన గుర్తొస్తాడు.

బాగలూరు దగ్గర మా ఊరికి పంచాయతీ ప్రెసిడెంటూ ఆయనే, తగవులు తీర్చే పెద్దా ఆయనే. పొద్దున్నే రాగిసంగటి ముద్ద తిని, పలచని మజ్జిగ తాగి, ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. కింద మేం చింతగింజలతో ఆడుకుంటుంటే పైన జనం గొంతులు చించుకునేవారు, ఆయన మాత్రం నేల చూస్తూ వినేవాడు. ఇంట్లో ఒక కట్టడి ఉండేది. తగవు తీరేదాకా ఆ రెండు ఇళ్లవాళ్ల మంచినీళ్లయినా మాలో ఎవరూ ముట్టకూడదు.

సిద్దమ్మ మొగుడు పోయాక, ఉమ్మడి బావిలో ఆమె నీళ్ల వంతును మరిది ఆపేశాడు. ఆమె వంగతోట ఎండిపోతోంది. నాయన చెబితే వంతు ఆమెకే వస్తుందని ఊరందరికీ తెలుసు. పంచాయితీకి ముందురోజు ఆయన ఆఫీసు పని మీద కృష్ణగిరి పోయి ఉండగా, ఏటా తెచ్చినట్టే సిద్దమ్మ తన మామిడిచెట్టు ఆ ఏటి తొలికాపు పండ్లు ఒడిలో పోసుకుని వచ్చింది. తొలికాపు వద్దంటే చెట్టుకు అరిష్టమని మా అవ్వ భయం. తీసుకుని, కోసి పెట్టింది. మోచేతుల దాకా రసం కారుతుంటే నాక్కుంటూ తిన్నాం.

సాయంత్రం పెరట్లో టెంకలు చూసి నాయన నిలదీశాడు.

"తినిన నోరు నాది, తీర్పు చెప్పే నోరు నీది. రెంటికీ ఏం సంబంధంరా?" అంది అవ్వ.

మర్నాడు అందరి ముందూ నాయన, "ఆయమ్మ పండ్లు మా ఇంట్లో తినేసినారప్పా. ఈ తగవు నేను చెప్పను" అని అరుగు దిగిపోయాడు. ఆయన చోట మరిదికి వియ్యంకుడు కూర్చున్నాడు. నీళ్లు మరిదికే పోయాయి.

సిద్దమ్మ మా వాకిట్లోకి వచ్చింది. "నా పండ్లు తిని నన్నే ముంచినావా అన్నా? ఆ వియ్యంకుడు వాళ్లింట్లో దినామూ తింటాడే, వాన్ని ఎవురూ అడగలేదే?"

నాయన నేల చూస్తూనే విన్నాడు. ఆ ఏడే ఆమె భూమి మరిదికే వదిలేసి, పిల్లలను తీసుకుని యాడికో పోయింది. నాయన కన్నుమూసేదాకా ప్రెసిడెంటుగానే ఉన్నాడు.

ఇప్పుడా అరుగు లేదు. బావి పూడ్చి ప్లాట్లు వేశారు. తగవొస్తే హోసూరు కోర్టుకు పోతారు. "మీ నాయన మాదిరి న్యాయస్తుడు ఇంక యాడున్నాడమ్మా?" అని ఊళ్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నేను తలూపి నా పని చూసుకుంటాను. ఆ మాట అనేవాళ్లలో సిద్దమ్మ ఇంటివాళ్లు ఎవరూ లేరు.