ఆ ఒక్క లైను

నాకు నోరు ముందు, బుర్ర తర్వాత. ఆ సంగతి ఆటోనగర్‌లో, మా అక్క భర్త వర్క్‌షాపులో తెలిసొచ్చింది.

బావ పోర్టు క్రేన్లకి షాఫ్టులు చేసిస్తాడు. కంప్యూటర్ కొలతలు పంపితే లేత్ మిషన్ కోస్తుంది. నాది మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి ఆ కంప్యూటర్ బాధ్యత నా నెత్తినే ఉంది. ఆ రోజు రెండింటినీ కలిపే పాత కేబుల్ తెగింది. లేత్ నడిపే టర్నర్, మేమంతా బాబాయ్ అని పిలిచే పెద్దాయన, ఊళ్లోకి వెళ్లి కొత్త యూఎస్‌బీ కేబుల్ తెచ్చాడు. తగిలిస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు.

"డూప్లికేట్ అంటగట్టారు! చూసి కొనక్కర్లేదా బాబాయ్?" అని అందరి ముందూ అరిచాను.

"కొట్లో పెట్టి సూపించారు బాబూ. నాను సూసే తెచ్చాను."

నాలుగింటికి షాఫ్టుల కోసం లారీ వస్తుంది. బావ మొహం కందగడ్డయింది. "నాలుగులోపు మిషన్ తిరక్కపోతే రేపట్నుంచి నువ్వు రావద్దు," అన్నాడు బాబాయ్‌తో. ఆయన కొట్టు బిల్లు తీసి మళ్లీ చూసుకున్నాడు. నేను కంప్యూటర్ వైపు తిరిగాను.

"ఆయుధపూజకి కంప్యూటర్‌కి బాబాయ్ బొట్టు ఎట్టాడు కదా, కుంకుమ లోపలికి పోయుంటాది," అన్నాడు బావ. బ్రష్షుతో గీకాను. ఏమీ లేదు. మూడున్నరైంది.

మామూలుగా ఏం తగిలించినా కంప్యూటర్ని నడిపే అసలు ప్రోగ్రాం, కెర్నల్, దాని గుర్తు చూసి, ఆ వస్తువుతో మాట్లాడే చిన్న ప్రోగ్రాంని, అంటే డ్రైవర్ని, తనంతట తానే తెచ్చుకుంటుంది. కేబుల్‌ని గుర్తుపట్టింది కూడా. డ్రైవర్ని మాత్రం పిలవడం లేదు. ఎవరో వద్దన్నట్టు!

అప్పుడు గుర్తొచ్చింది. ఆర్నెల్ల క్రితం ఎవరో ఈ కంప్యూటర్‌కి ఫోను తగిలిస్తే కోత మధ్యలో ఆగి షాఫ్టు పాడైంది. ఒళ్లు మండి, తమంతట తాము లోడవకూడని డ్రైవర్ల జాబితా ఒకటి రాసి పారేశాను. మా పాత కేబుల్ వేరే రకం కాబట్టి, ఇలాంటి యూఎస్‌బీ కేబుల్ మనకెందుకులే అని దాని డ్రైవర్నీ అందులో చేర్చాను. ఫైలు తెరిస్తే నేను రాసిన లైను అలాగే ఉంది.

తీసేసి, కేబుల్ పీకి మళ్లీ పెట్టాను. లేత్ తిరిగింది.

"ఏటయ్యింది?" అన్నాడు బావ.

"ఏదో సెట్టింగ్," అన్నాను. బావ నా భుజం తట్టి టీ తెప్పించాడు. చుట్టూ మూగినవాళ్లు ఎవరి పనికి వాళ్లు పోయారు.

బాబాయ్ బావ దగ్గరకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపోయింది బాబూ. ఈసారి మంచి కేబులే తెత్తాను."

టీ గ్లాసు కింద పెట్టాను. "కేబుల్ మంచిదే బావా. తప్పు నాది. ఆ డ్రైవర్ రాకుండా ఆపింది నేనే," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

బావ తల దించుకున్నాడు. బాబాయ్ నావైపు చూశాడు. కోప్పడినా బాగుండేది.

"ఇందాక నువ్వు అరిసినప్పుడు అందరూ ఉన్నారు బాబూ," అన్నాడు. "ఇప్పుడు మనం ముగ్గురమే ఉన్నాం."