మూత మీద నిలబడ్డ సువార్తమ్మ

కంపుకు భయపడే మనిషి కాదు సువార్తమ్మ. హైటెక్ సిటీలో పద్నాలుగు అంతస్తుల అద్దాల భవనానికి ఆమె హౌస్ కీపింగ్ సూపర్‌వైజరు. అంతకు ముందు పదేళ్ళు అక్కడే చీపురు పట్టింది. ఆఫీసులో పార్టీ జరిగిన మర్నాడు బాత్రూములు ఎలా ఉంటాయో, ఫ్రిజ్‌లో నెలరోజులు మరిచిపోయిన డబ్బా మూత తీస్తే ఏమవుతుందో ఆమెకు కొత్త కాదు. ఏనాడూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. "కంపుదేముంది బిడ్డా, కడిగితే పోతది" అని కొత్తగా చేరిన ఆడపిల్లలకు చెప్పేది.

కడిగినా పోని రోత ఒకటి ఉంటుందని ఆమెకు రెండువేల పదకొండు వానాకాలంలో తెలిసింది. ఆమె భర్త కృపానందం కూకట్‌పల్లిలో ఒక హాస్టళ్ళ సందులో మ్యాన్‌హోల్ జామ్ తీయడానికి దిగి, లోపలి విషపు గాలికి అక్కడే ప్రాణం వదిలాడు. నడుముకు తాడు లేదు, ముఖానికి మాస్కు లేదు. పంచనామాలో మాత్రం 'మద్యం మత్తులో కాలు జారి పడి' అని రాశారు. కృపానందం తాగడు. ఆదివారం ఆదివారం గోపన్‌పల్లి చర్చిలో డోలక్ వాయించే మనిషి. ఆ కాగితం ఎవరో చదివి వినిపించినప్పుడు సువార్తమ్మకు ఏడుపు రాలేదు, రోత పుట్టింది. చనిపోయినవాడి నోట్లో సారా పోశారు కదా వీళ్ళు అనుకుంది.

మూడేళ్ళకు సుప్రీంకోర్టు తీర్పొకటి వచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పింది ప్రశాంతి అనే లాయరమ్మ. చర్చి వసారాలో కూర్చోబెట్టి, ఇంగ్లీషు కాగితాలు పక్కన పెట్టి, తెలుగులో విడమరిచి చెప్పింది. పంతొమ్మిదివందల తొంభై మూడు నుంచి మురుగు గుంతల్లో చనిపోయిన ప్రతివాడి కుటుంబానికీ పది లక్షల పరిహారం ఇచ్చి తీరాలి. ఇకమీదట రక్షణ సామగ్రి లేకుండా మనిషిని లోపలికి దింపడం నేరం.

"అర్జెంటు అన్నా గూడనా మేడం?" అని అడిగింది సువార్తమ్మ. భర్తను దింపిన రోజు కాంట్రాక్టరు అన్న మాట అదే మరి.

"ఎంత ఎమర్జెన్సీ అయినా సరే. ఆ ముక్క కోర్టు ప్రత్యేకంగా చెప్పింది. అంటరానితనం లేదని రాజ్యాంగంలో పదిహేడో అధికరణం చెబుతుంది. మనిషికి బతికే హక్కు ఉందని, అది పరువుగా బతికే హక్కని ఇరవై ఒకటి చెబుతుంది. ఒక మనిషిని మలంలోకి దింపితే రెండూ పోయినట్టే."

సువార్తమ్మ ఐదో తరగతి వరకే చదివింది. ఆ రెండు అంకెలు మాత్రం బైబిలు వచనాల్లాగా పట్టుకుంది. పదిహేడు, ఇరవై ఒకటి.

పట్టుకున్నంత సులువుగా ఏదీ చేతికి రాలేదు. నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఒక అధికారి "తాగి పడ్డోడికి కూడా ఇస్తారా" అన్నాడు. ఇంకొకాయన "మీరు క్రైస్తవులు, మీకు వర్తించదు" అన్నాడు. అలాంటి షరతు ఏ పేజీలో ఉందో చూపించమని ప్రశాంతి నిలదీస్తే ఫైలు మూసేశాడు. మూడో ఆయన ఏమీ అనలేదు. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళిన సువార్తమ్మ ఎదుట కూర్చోగానే జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజు ఇంటికి వచ్చి ఆమె అన్నం ముట్టలేదు. చివరికి హైకోర్టు గడప ఎక్కాక పరిహారం వచ్చింది. దాంతో కూతురు దీవెనను నర్సింగ్ చదివించింది.

ఇదంతా అద్దాల భవనంలో ఎవరికీ తెలియదు. సువార్తమ్మ చెప్పుకోలేదు.

మొన్న జూలైలో రెండు రోజులు వాన దంచి కొట్టింది. మూడోనాడు పొద్దున భవనం సెల్లార్లో మురుగు ట్యాంకు ఎగదన్నింది. కంపు లిఫ్టుల్లోంచి ఎక్కి మూడో అంతస్తు క్యాంటీనుకు చేరింది. పైన ఏసీలో కూర్చున్నవాళ్ళు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెడుతున్నారు. పదకొండు గంటలకు విదేశీ క్లయింట్లు వస్తున్నారు. ఫెసిలిటీ మేనేజరు అవినాష్ సెంటు చల్లిన రుమాలు ముక్కుకు పెట్టుకుని సెల్లార్లోకి దిగాడు. కాకినాడ కుర్రవాడు, మాట మెత్తన. వెనకాలే లేబర్ కాంట్రాక్టరు మధుసూదన్, అతని వెంట ఇద్దరు పనివాళ్ళు, గోవిందప్ప, స్వామి.

"సువార్తమ్మ గారూ, మీవాళ్ళచేత ఆ మూత తీయించండి. వీళ్ళిద్దరూ దిగి జామ్ తీసేస్తారు. పావుగంట పనండి" అన్నాడు అవినాష్.

"మిషను రాదా సార్?"

"మూడింటికి గానీ రాదంటున్నారండి. అప్పటిదాకా ఆగలేం. ఎమర్జెన్సీ కదా."

సువార్తమ్మ పనివాళ్ళిద్దరి ఖాళీ చేతుల వంక చూసింది.

"మాస్కులున్నయా? తాళ్ళున్నయా? లోపల గాలి చూసిండ్రా?"

మధుసూదన్ నవ్వాడు. "గివన్నీ మాకు కొత్తనా సువార్తమ్మా? జర పక్కకు జరుగు." జేబులోంచి మడిచిన కాగితాలు రెండు, సిరా ప్యాడ్ తీసి స్వామి చేతికి ఇచ్చాడు. "ఏలిముద్ర ఎయ్యిరా."

"ఏందది?" అంది సువార్తమ్మ.

అవినాష్ చదివాడు. 'నేను నా ఇష్టపూర్వకంగా ట్యాంకులోకి దిగుతున్నాను. ఏదైనా జరిగితే కంపెనీకి బాధ్యత లేదు.'

"మరి జరిగితే?"

"జరిగితే ఏందమ్మా" అన్నాడు మధుసూదన్. "ఇప్పుడు కోర్టు పరిహారం పది నుంచి ముప్పై లక్షలు చేసింది తెలుసా? వీడు బతికి నూరేండ్లు కష్టపడ్డా అంత చూస్తడా? ఇంటోళ్ళు బాగుపడతరు."

అవినాష్ గడియారం చూసుకున్నాడు.

సువార్తమ్మకు డోకు వచ్చింది. గోడవైపు తిరిగి, పొద్దున తాగిన టీ అంతా కక్కేసింది. అన్నేళ్ళ పనిలో ఆమె వాంతి చేసుకోవడం అదే మొదటిసారి. మనిషిని చంపొద్దని కోర్టు వేసిన శిక్షను వీళ్ళు చావుకు ధర అనుకుంటున్నారు. తన మొగుడు కూడా వీళ్ళ లెక్కలో తక్కువ ధరకు పోయినవాడే. కొంగుతో మూతి తుడుచుకుని, నడిచి వెళ్ళి ఆ ఇనప మూత మీద నిలబడింది.

"నేను దింప. ఎవ్వర్నీ దింపనియ్య."

"అక్కా, నువ్వు జరుగు" అన్నాడు గోవిందప్ప. రాయచూరు వైపు నుంచి వచ్చినవాడు. "దిగకుంటే రేపట్నుంచి పనికి పిలవరు. మాకు అలవాటే."

"మా ఆయనకు గూడ అలవాటే తమ్మీ. పదమూడేండ్ల అలవాటు. గా పొద్దు లోపలికి పోయి మళ్ళ మాట్లాడలే." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు దిగుతనంటే నేను నీ మీద పడి ఏడుస్త. నాకు సిగ్గు లేదు."

గోవిందప్ప కాగితం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. స్వామి అప్పటికే సిరా అంటిన వేలును కాగితం మీద పెట్టకుండా లుంగీకి తుడుచుకుంటున్నాడు.

"సువార్తమ్మ గారూ, ఇది ఇన్‌డిసిప్లిన్ అండి" అన్నాడు అవినాష్.

"అయితే ఒక పని చెయ్యిండ్రి సార్. 'ఈ ఇద్దర్ని ఏ సామాను లేకుంట లోపలికి దింపు' అని మీ ఫోన్ల నుంచి నాకు మెసేజి కొట్టుండ్రి. కింద మీ పేరు పెట్టుండ్రి. నేనే దగ్గరుండి దింపుత."

అవినాష్ ఫోను తీశాడు. కాసేపు దానివంక చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మధుసూదన్ వంక చూస్తే అతను తన ఫోను అసలు తీయనే లేదు. నోటితో చెప్పడానికి నోరు తిరిగిన ఇద్దరికీ రాయడానికి వేళ్ళు రాలేదు. అది కోర్టు చెప్పిన నేరమని ఇద్దరికీ ముందు నుంచే తెలుసు. సువార్తమ్మకు అన్నిటికంటే రోత పుట్టించింది అదే. తెలియక చేస్తున్నారేమోనని ఏదో మూల ఆమెకు ఇంకా ఆశ ఉండేది.

క్లయింట్ల మీటింగు, భోజనం పక్క హోటలుకు మార్చారు. అంతటితో ఆ ఎమర్జెన్సీ తీరిపోయింది.

మూడింటికి మిషను వచ్చింది. దాని ఆపరేటరు మూత తీయించి, ముందుగా గాలి చూసే చిన్న పెట్టెను తాడు కట్టి లోపలికి వదిలాడు. రెండు మూరలు దిగిందో లేదో అది కీచుమని అరవడం మొదలుపెట్టింది. "దూరం జరుగుండ్రి, ఇండ్ల దిగితే రెండు నిమిషాలు గూడ ఉండరు" అన్నాడు ఆపరేటరు. గోవిందప్ప సెల్లార్ మెట్ల మీద కూర్చుని, ఏలిముద్ర కాగితం ఒకటి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

వారానికి సువార్తమ్మకు మెమో వచ్చింది, పైవాళ్ళ మాట వినలేదని. అదే వారం ఆఫీసులో అందరికీ ఒక మెయిలు వెళ్ళింది. మానవ గౌరవానికి, సుప్రీంకోర్టు తీర్పుకు కట్టుబడి తమ భవనంలో మనిషిని ట్యాంకులోకి దింపకుండా మిషనుతోనే శుభ్రం చేయించామని, ఆ చొరవ చూపిన అవినాష్‌కు అవార్డు ఇస్తున్నామని. ఫొటోకు పక్కన నిలబడమని సువార్తమ్మకు కబురు పెట్టారు.

కబురు తెచ్చిన పిల్లతో ఆమె అంది, "నాకు మళ్ళ కక్కొస్తదని చెప్పు."

నెల తిరక్కుండానే ఆమెను నార్సింగిలో కొత్తగా కట్టిన భవనానికి మార్చారు. గోపన్‌పల్లి నుంచి రెండు ఆటోలు మారాలి. దీవెన ఫోనులో కోపంతో ఏడ్చింది. "కేసు పెడదాం అమ్మా, ప్రశాంతి మేడంకు ఫోన్ చెయ్యనా?"

"చెయ్యి బిడ్డా. ముందుగాల మెమో గురించి గాదు, ఆ ఏలిముద్ర కాగితాల గురించి చెప్పు. గోవిందప్ప ఒకటి దాసిండు. సాక్ష్యం చెప్తనన్నడు."

నార్సింగిలో మొదటిరోజు అక్కడి మేనేజరు ఆమెకు అంతస్తులు, లిఫ్టులు, క్యాంటీను అన్నీ తిప్పి చూపించాడు. ఆఖరున ఏమైనా కావాలా అని అడిగాడు.

"మురుగు ట్యాంకు మూతకు తాళం ఏస్తరా సార్?" అంది సువార్తమ్మ. "ఆ తాళంచెవి నా దగ్గర ఉండనియ్యిండ్రి."