వడదెబ్బ కాదని చెప్పిన మధ్యాహ్నం

నా ప్రాక్టీసంతా అద్దె కేసులే. ఇల్లు ఖాళీ చేయించడం, చేయించకుండా ఆపడం. ఎవరు ముందొస్తే వాళ్ల వైపు. వాదన నా వృత్తి, వాయిదా నా ప్రవృత్తి అని మా ఇంట్లోవాళ్లు అనేలోపే నేను అనేస్తుంటాను. అయినా కార్ఖానా ఏరియాలో మా అపార్ట్‌మెంట్‌కి నేనొక్కదాన్నే లాయర్ని కాబట్టి కుళాయి తగువైనా, కుక్క తగువైనా నా గుమ్మానికే వస్తుంది.

మొన్న వేసవిలో ఓ ఆదివారం మధ్యాహ్నం ఎదురు ఫ్లాటు కుర్రాడు తలుపు కొట్టాడు. ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరు స్నేహితులు అందులో అద్దెకుంటారు. “మేడం, జెర రండి. వాడు లేస్తలేడు” అన్నాడు.

స్నేహితుడు నేల మీద పడున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. గురక పెడుతున్నాడనుకున్నాను. గురకకూ గురకకూ మధ్య ఖాళీ చూశాక అది నిద్ర కాదని అర్థమైంది.

ఈలోగా మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారు వచ్చేశారు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పెద్దమనిషి. ఆయనతో పాటు ఒక ఉల్లిపాయా, గ్లాసుడు మజ్జిగా వచ్చాయి. ఎండాకాలంలో మా మెట్ల మీద ఎవరు తూలినా ఆయన లెక్కలో వడదెబ్బే. “సందేహం లేదండీ” అంటూ ఉల్లిపాయతో అరికాళ్లు రుద్దడం మొదలెట్టారు. మజ్జిగ నోట్లో పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఒళ్లు చల్లగా, చెమటతో జిగటగా ఉంది. వడదెబ్బ తగిలినవాడి ఒళ్లు పెనంలా కాలాలి కదా.

ఏం జరిగిందని కుర్రాణ్ణి అడిగితే గోడవైపు చూశాడు. అంబులెన్సు పిలుస్తానంటే వద్దని బతిమాలాడు. దాని వెనకే పోలీసులు వస్తారట. ప్రెసిడెంటుగారికీ పోలీసులంటే భయమే, కారణం వేరు. గేటు ముందు జీపు ఆగితే ఫ్లాట్ల ధర పడిపోతుంది. ఇద్దరి భయాలూ కలిసి ఆయన కారును బయటికి తీయించాయి.

దారిలో కుర్రాడు స్నేహితుడి తల ఒళ్లో పెట్టుకుని, ఊపిరి ఆగినప్పుడల్లా చెంప మీద కొడుతూ “పీల్చురా, అరే, పీల్చు” అంటున్నాడు. నేను ముందు సీట్లో సెక్షన్లు గుర్తుచేసుకుంటున్నాను. అద్దె చట్టం తప్ప ఒక్కటీ పలకలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడగ్గానే ప్రెసిడెంటుగారు అందరి తరఫునా చెప్పేశారు, వడదెబ్బని. ఆమె రెప్పలెత్తి టార్చి వేసి చూసింది. “కంటిపాప సూదిమొనంత ఉంది. ఇది ఎండ పని కాదు. మత్తుమందుకి విరుగుడు ఇస్తున్నా. ఇంకేమైనా కలిసుంటే అది చాలదు. ఏం తీసుకున్నాడు?”

కుర్రాడు ఆమెను కాదు, నన్ను చూశాడు. “చెప్తే కేసైతదా మేడం? నేను సుత కొంచెం తీసుకున్న.”

రోడ్డు ప్రమాదంలో పడ్డవాణ్ణి ఆస్పత్రికి చేరిస్తే, చేర్చినవాడి జోలికి రాకూడదని చట్టంలో ఉంది. మత్తుకు బానిసైనవాడు తనంతట తానే చికిత్సకు వస్తే, మోతాదు కొద్దిదైతే, షరతులతో కేసు తప్పించే సెక్షనూ ఉంది. గదిలో పడిపోయినవాణ్ణి ఎత్తుకొచ్చిన స్నేహితుడికి ఏముంది? ఎంత తవ్వినా నా బుర్రకు ఏమీ తగల్లేదు. వీళ్లు రోడ్డు మీదైనా పడలేదే అని ఓ క్షణం అనిపించింది కూడా. కేసవుతుందంటే వీడు నోరు విప్పడు. అవదంటే అది నా అబద్ధం.

“కాదని ఒట్టెయ్యలేను” అన్నాను. “స్టేషన్‌కి పిలిస్తే నీతో వస్తా. నా దగ్గరున్నది అంతే.”

మంచం మీద గురక మళ్లీ ఆగింది. కుర్రాడు జేబులోంచి ఒక చిన్న మందుసీసా, ఒక మాత్రల అట్టా తీశాడు. “ఇది సూదితో ఎక్కించుకున్నడు. పొద్దుగాల ఈ నిద్రగోలీలు సుత మింగిండు. వడదెబ్బ కాదు.”

డాక్టరమ్మ వాటిని లాక్కుని తెర వెనక్కి వెళ్లింది. లోపల ఏవో యంత్రాలు మోగుతున్నాయి, ఎవరో పరిగెడుతున్నారు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడ్డాం. చాలాసేపటికి దగ్గు వినిపించింది. తర్వాత వాంతి. ఆ తర్వాత ఓ బూతుమాట. అంత కమ్మని బూతు నా జన్మలో వినలేదు.

పోలీసులకు తెలియజేయడం తమకు తప్పదని డాక్టరమ్మ చెప్పింది. వచ్చిన కానిస్టేబుల్ ఎవరు తెచ్చారని అడిగితే, కారు ఆయనదే అయినా ప్రెసిడెంటుగారు ఫ్యాను వైపు చూశారు. కుర్రాడు ముందుకొచ్చి తనేనన్నాడు.

“నువ్వు సుత తీసుకున్నవా?”

“దానికిప్పుడు జవాబివ్వడు. నేను అతని లాయర్ని” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“ఏం కేసులు చేస్తరు మేడం?”

అద్దె కేసులని ఒప్పుకున్నాను. కానిస్టేబుల్ నవ్వాపుకుని కుర్రాళ్లిద్దరి పేర్లూ రాసుకున్నాడు.

ఆ వారంలోనే స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. బయట బల్ల మీద కుర్రాడూ నేనూ కూర్చున్నాం. లోపల ఏమవుతుందో అతనికి తెలియదు, నాకూ తెలియదు. నాకు తెలియదని అతనికి తెలుసు. ఆ రోజు డాక్టరమ్మకు నిజం చెప్పినందుకు ఇప్పుడేమనిపిస్తోందని అడిగాను.

“పొద్దున వాడు దవాఖాన నుంచి ఫోన్ చేసిండు మేడం. డాక్టర్లు తన కొత్త చొక్కా ఎందుకు చింపిన్రని నన్ను తిట్టిండు” అన్నాడు. అలా అన్నప్పుడు ఆ మొహంలో భయం కాసేపు లేదు.

లోపలినుంచి అతని పేరు పిలిచారు. లేచాడు. నేనూ లేచాను.