గుట్ట పోసి చెప్పే మనిషి

గోరంతను కొండంత చేయడం నా జబ్బు. ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత నిలదీయొద్దు.

ఆదోని పత్తి యార్డు గేటు దగ్గర ఒకాయన మిరపకాయ బజ్జీలు వేసేవాడు. ఆయన మీసం ఒక కొన ఆదోనిలో ఉంటే రెండో కొన ఎమ్మిగనూరు బస్సెక్కేది. నార్వే ఓడలో పన్నెండేళ్లు వంట చేశానంటాడు. నేను నమ్మలేదు. ఏదెంత అనడిగినా రెండు చేతులతో గాలిలో గుట్ట పోసి, "హౌగెవీస్!" అనేవాడు.

"గుట్టలు గుట్టలని అర్థమన్నా. ఆడ జాస్తి ఉంటే ఎవురూ ఎంచరు, గుట్ట పోస్తారు. వానైతే బొట్టెవీస్, బకెట్ల లెక్కన."

నార్వేలో ఉద్యోగానికి పోవాలని నర్సు చదివిన మా మేనకోడలు ఈయన దగ్గరే ఆ దేశం మాటలు నేర్చుకుంది. నేను నేరుగా ఆయన బండి దగ్గరికి పోయి అడిగాను.

"నిజం సెప్పప్పా, ఈ మాటలు ఆలూరు ఆటోలో పుట్టినవి కాదు గదా? పిల్ల బతుకు సెడిపోతాది."

"బజ్జీ సల్లారుతాంది, తినన్నా," అన్నాడు.

నార్వే నుంచి ఫోన్లో ఇంటర్వ్యూ చేసినామె ఎంతమంది రోగులను చూశావని అడిగిందట. కంగారులో పిల్ల చేతులతో గుట్ట పోసి, "హౌగెవీస్!" అనేసింది. అవతల నవ్వే నవ్వు. అయిపోయిందనుకున్నాం.

"అచ్చం మా అమ్మమ్మ మాట! ఎవరు నేర్పారు?" అందట ఆమె. ఉద్యోగం వచ్చింది.

మర్నాడే వెళ్లి ఆయన చేతులు పట్టుకుని క్షమించమన్నాను.

మీసాన్ని కాస్త పెంచాను గానీ, పూర్తిగా అల్లింది ఈ క్షమాపణ ఒక్కటే. నిజానికి రెండు ప్లేట్లు తిని, నోరు మెదపకుండా వచ్చేశాను. మళ్లీ వెళ్లేసరికి బండి లేదు. ఓడెక్కినాడన్నారు.