కోటబొమ్మాళి జంక్షనులో పచ్చదీపం

రెండక్షరాల మాట ఒకటి కొన్నేళ్లుగా నా గొంతులో నిలిచిపోయి ఉన్నది. మింగుడు పడదు. బయటకు రాదు. జీవితమంతా మాటలు బోధించి బతికినవాణ్ణి నేను. సంధులు విడదీసి, సమాసాలు విప్పి, పలికిన పలుకుకు కట్టుబడి ఉండమని తరగతి తరగతికీ చెప్పినవాణ్ణి. అటువంటి నేను, నా నోట వెలువడిన మాటను, అది ఇంకా గాలిలో ఆరకముందే, వెలువడలేదన్నాను. చదువరీ, నీ పేరు నాకు తెలియదు. నా పేరు నీకు చెప్పను. ఈ మాత్రం చాటు ఉంటేనే నా కలం కదులుతుంది.

ఎవరితో అన్నాను? మా అప్ప భర్త సింహాచలం బావతో. ఆయన రైలు డ్రైవరు. ఒకప్పుడు ఎక్కడో దూరప్రాంతంలో, ఒక జంక్షను దగ్గర, ఆయన నడుపుతున్న బండి ఎర్రదీపాన్ని దాటిపోయి, అడ్డంగా కదులుతున్న గూడ్సును రాసుకొని నిలిచింది. ఎవరి ప్రాణమూ పోలేదు. కాని బావను ఇంజను మీదినుంచి దింపివేశారు. ఉద్యోగ విరమణ దాకా షెడ్డు పనిలోనే ఉంచారు.

ఇంజనులో ఒక ఆచారం ఉన్నది. దీపం కనబడగానే డ్రైవరు చేయి చాచి దాని రంగును బిగ్గరగా పలకాలి. పక్కనున్న సహాయకుడు తన కళ్లతో తాను చూసి, అదే రంగును తిరిగి పలకాలి. ఆ రోజు తాను ‘పచ్చ’ అన్నాననీ, సహాయకుడూ ‘పచ్చ’ అన్నాడనీ, ఆ తరువాతనే దీపం ఎర్రబారిందనీ బావ చెప్పేవాడు. విచారణలో సహాయకుడు తాను ఏమీ అనలేదన్నాడు. అంతటితో తీర్పు ముగిసింది. కాని బావకు ముగియలేదు. ఏ పెళ్లిపందిట్లోనైనా, ఏ దినకర్మ భోజనాల దగ్గరైనా, ఎవరు కదిపినా, కదపకపోయినా, “పచ్చేరా!” అనేవాడు. విన్నవాళ్లు ముసిముసిగా నవ్వుకొనేవారు. ఆ ఒక్క మాట మీదనే ఆ మనిషి నిటారుగా నిలబడి ఉన్నాడని నాకు తెలుసు. తెలిసీ చేశాను. అది మరచిపోకు.

రాష్ట్రం విడిపోవడానికి ముందటి ఏడు, కోటబొమ్మాళిలో వాళ్ల ఇంటికి అల్లుడు ఒక కంప్యూటరు తెచ్చి, అందులో రైళ్లు నడిపే ఆట ఒకటి పెట్టి ఇచ్చాడు. పట్టాలు మనమే వేసుకోవచ్చు. దీపాలు మనమే పాతుకోవచ్చు. బావ ముఖంలో ఇంజను దిగినప్పుడు పోయిన వెలుగు తిరిగి వచ్చింది. నేను శ్రీకాకుళం నుంచి పాసింజరెక్కి తరచుగా వెళ్లేవాణ్ణి. ఏనాడూ రైలు ఎరుగని శ్రీముఖలింగానికి వంశధార గట్టు వెంట ఒక దారి వేశాము. భావనపాడు సముద్రతీరానికి మరొకటి. ఆ రెండూ పెద్ద లైనుతో కలిసే చోట మా కోటబొమ్మాళి జంక్షనై వెలిసింది.

బావ నడిపేది ఒక్క బండి. తక్కినవాటిని కంప్యూటరే నడుపుకొంటుంది. వాటిలో మనిషి ఉండడు గనుక బావ వాటిని దెయ్యంబళ్లు అనేవాడు. ఏది ఎప్పుడు బయలుదేరాలి, ఏది పక్కలైనులో ఆగాలి, జంక్షను దగ్గర ఎవరికి ముందుగా దారి ఇవ్వాలి అన్నవి ముందుగానే అమర్చిపెట్టడం నా పని. ఆట మొదలయ్యాక బావ పక్కన కూర్చొని రంగులు తిరిగి పలకడం కూడా నా పనే. ఆ పలుకు లేనిదే ఆయన బండి కదిపేవాడు కాడు.

ఒకసారి నా అమరికలో రెండు దెయ్యంబళ్లు ఒకే లైనులోకి ఎదురెదురుగా వచ్చి నిలిచిపోయాయి.

“ఒసే, ఇటు రాయే! మీ తమ్ముడు రెండు బళ్లకి పెళ్లిసూపులెట్టినాడు. ఒకదాని మొకం ఒకటి సూసుకోని కూకున్నాయి, కదల్డం నేదు!”

“ఆడి పెళ్లిసూపులకీ ఆడు అలాగే కూకున్నాడు. మనమే నెగదీసి నిలబెట్టినాం” అన్నది అప్ప.

ఆనాడు నేనూ నవ్వాను. కాని మరొకనాడు, నా వద్ద చదువుకొన్నవారు ఇద్దరు నాతో కూడా వచ్చి ఉండగా, బావ మళ్లీ ఆ బళ్ల పెళ్లిచూపుల కథనే ఎత్తుకొని, “పద్దెం కట్టినట్టు కాదురా పంతులూ, బండికి దారి కట్టడం!” అన్నాడు. నా శిష్యులు నవ్వారు. వారు నవ్వినందుకు నాలో ఏదో ముల్లులా దిగింది. ఎంత అల్పమైన ముల్లు! వృద్ధుణ్ణి, పండితుణ్ణి, దానిని పెరికి పారవేయలేకపోయానా? లేకపోయాను.

తరువాత వెళ్లినప్పుడు బావ బజారులో ఉన్నాడు. నేను కంప్యూటరు ముందు కూర్చొని, భావనపాడు నుంచి వచ్చే చేపల గూడ్సుకు బావ ఎక్స్‌ప్రెస్సును మించిన హోదా ఇచ్చాను. జంక్షను బయట ఎర్రదీపం ముందు ఆయనను కాసేపు నిలబెట్టాలి, చేపలబండి ముందు పోతుంటే ఆయన సణుగుడు వినాలి. నా ఊహ అంతవరకే. ఒకరికి ఇచ్చివేసిన దారిని కూడా ఆ యంత్రం వెనక్కు లాక్కొని పైహోదా బండికి కట్టబెడుతుందని నాకు తెలియదు.

మధ్యాహ్నం ఆటకు కూర్చొన్నాము. మా వెనుక అప్ప చేటలో ఉలవలు చెరుగుతున్నది. జంక్షనుకు ముందుండే హోము దీపం కనబడింది. బావ చేయి చాచాడు.

“హోము పచ్చ!”

ఆ తరువాత నేను ఏమన్నానో ఇప్పుడే రాయలేను. చివర రాస్తాను.

బావ చూపు వేగం చూపే ముల్లు మీదికి దించాడు. అంతలో పచ్చ ఆరిపోయి ఎరుపు వెలిగింది. నేను చూశాను. నోరు పెగలలేదు. బావ తల ఎత్తేసరికి చేపలగూడ్సు జంక్షనుకు అడ్డంగా ఉన్నది. బ్రేకు వేశాడు. చాలలేదు. తెర స్తంభించింది. ఎర్రదీపం దాటినందున ఆట ముగిసిందని ఇంగ్లీషులో ఒక పంక్తి వచ్చింది.

బావ నావైపు తిరిగాడు.

“ఒరే పంతులూ... నాను పచ్చ అన్నాను.”

నేను గూడ్సు వైపే చూస్తున్నాను.

“నువ్వూ మళ్లా అన్నావు కదేటి? పచ్చ అన్నావు. నాకు ఇనపడినాది.”

అవునంటే, మరి ఎర్రగా ఎందుకు మారిందంటాడు. గూడ్సు అమరిక తెరుస్తాడు. అందులో నా చేయి బయటపడుతుంది. ఇంత పెద్దవాడు ఇంత చిన్నపని చేశాడని అప్ప ముందు తేలుతుంది. ఇదంతా ఒక్క రెప్పపాటులో నా మనసులో నడిచింది. ఆ రెప్పపాటులో బావ ఒక్కసారైనా నా తలపుకు రాలేదు.

“నేనేమీ అనలేదు బావా.”

నిర్ఘాంతపోయాను, చదువరీ. అన్నది నేనే, విని నిర్ఘాంతపోయిందీ నేనే. ఎంత స్పష్టంగా వచ్చింది ఆ వాక్యం! ఎక్కడా తొట్రుపాటు లేదు. అసత్యం పలికేటప్పుడు గొంతు వణుకుతుందని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి.

అప్ప చేతిలో చేట ఆగిపోయింది.

“అన్నేదా?” అన్నాడు బావ. తెరవైపు తిరిగాడు. “అయితే నాకు ఇనపడినాదేటి? ... ఆ పొద్దు కూడా ఇలాగే ఇనపడినాదేమోరా.”

అప్పుడైనా చెప్పవచ్చు. ఆ మాట వచ్చిన లోతు ఎంతటిదో ఆ గదిలో నాకంటే ఎరిగినవారు లేరు. ఇది ఆటే కదా అని సర్దుకొన్నానా? సర్దుకొన్నాను. ఆయనకు అది ఆట కాదు.

కంప్యూటరు మీద గుడ్డ కప్పేశారు. ఆ పిమ్మట ఒక పెళ్లి భోజనాల పంక్తిలో ఎవరో వేళాకోళానికి పాతకథ కదిపితే, బావ తల వంచుకొని, “నేదు. ఎర్రే. నానే దాటీసినాను” అన్నాడు. నవ్వేవాళ్లకు కూడా నవ్వు రాలేదు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అంతటితో ఆగలేదు. ఆ పాత సహాయకుడు విజయనగరం వైపు ఒక ఊళ్లో ఉంటున్నాడని కనుక్కొని, తాను పేరెత్తడానికే ఇష్టపడని ఆ మనిషి ఇంటికి బావ ఒక్కడే వెళ్లాడు. క్షమాపణ అడిగి వచ్చాడు. వచ్చి నాతో అన్నాడు:

“కాళ్లు ముట్టుకోబోనాను. ఆడేటీ అన్నేదురా. తలొంచీసుకున్నాడు. ఎంత మంచోడో సూడు. ఇన్నాళ్లూ ఆణ్ణి తిట్టుకున్నాను.”

ఆ వంచిన తల నాకు తెలుసు. అది అప్పటికే నా మెడ మీద ఉన్నది. ఆ మనిషి ఎందుకు తల వంచాడో నేను సాక్ష్యం చెప్పలేను. వయసు కావచ్చు, మొహమాటం కావచ్చు. కాని అది మరేదైనా కావచ్చునని బావకు చెప్పగలవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే. చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. చెప్పలేదు. నేనూ తల వంచుకొన్నాను. అదీ మంచితనమనే అనుకొని ఉంటాడు.

మరుసటి వేసవిలో బావ పోయాడు. తాను ఎర్రదీపం దాటానని నమ్మి పోయాడు.

ఏటేటా ఆయన తద్దినం నాడు అప్ప అంటుంది: “పోయేముందు తప్పొప్పుకోని పోనాడు మీ బావ. అలాటోలు ఎంతమందుంటారురా?” నేను తల ఊపుతాను. ఈ కాగితం ఆమెకు చదివి వినిపించే ధైర్యం నాకు కలుగుతుందో లేదో తెలియదు. నీ నుంచి క్షమ అడగడం లేదు. అది నీ చేతిలో ఉన్నది కాదు. బావ చేతిలో ఉండేది. ఆ చేయి లేదు.

ఇక బాకీ పడిన పంక్తి రాస్తాను. రాయబోతుంటేనే గొంతులో ఏదో వదులవుతున్నది.

ఆ మధ్యాహ్నం బావ చేయి చాచి “హోము పచ్చ” అన్నాడు. నేను నా కళ్లతో చూశాను. అది పచ్చగానే ఉన్నది.

“పచ్చ” అన్నాను. బిగ్గరగానే అన్నాను.